రాయి ఆడనే ఉండాలి: మన బీట్లో నిలువురాళ్ళ గురించి

గ్రంథాలయ వారోత్సవాలప్పుడు కనిగిరి వైపు ఒక పల్లెలో, శాఖా గ్రంథాలయం ముందర, రిటైరైన సోషల్ మాస్టారు ఒకరు మాట్లాడిన మాటలివి. ఫోన్‌లో రికార్డు చేసి టైపు చేశాం, ఆ రోజు రాలేకపోయినోళ్ళు చదువుకుంటారని. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డోళ్ళకి వినపడతా ఉందా? మైకు కొంచెం ఇటు జరుపు నాయనా. ఆఁ, చాలు చాలు.

లైబ్రరీ వారోత్సవాలు కాబట్టి పుస్తకాల గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను రాళ్ళ గురించి చెప్తానన్నా. లైబ్రేరియన్ గారు సరేనన్నారు, ఆయనకి ముందుగా దండం. ఎందుకు రాళ్ళు అంటే, మనూరి బీట్లో, చెరువు అలుగు దాటినాక ఎడంచేతి పక్క, నిలువురాళ్ళు ఉన్నయ్ గదా, అవి మీ అందరికీ తెలుసు, గొర్రెలు తోలినోళ్ళకి తెలుసు, కట్టెలకి పోయినోళ్ళకి తెలుసు, ఎండకి వాటి నీడన కూర్చుని సద్ది తిన్నోళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. నా చిన్నప్పుడు అవి తొమ్మిది. ఐదో తరగతిలో ఉండగా లెక్కపెట్టా, ఎందుకంటే నాకప్పుడు తొమ్మిదో ఎక్కం సరిగ్గా రాక మా అయ్యవారు బెత్తం తీసుకున్నారు, అందుకని ఆ అంకె మర్చిపోలా. ఇప్పుడు ఎన్ని ఉన్నయ్? ఎవరన్నా చెప్తారా? పిల్లలూ, మీలో ఎవరికన్నా తెలుసా? నాలుగు. అమ్మాయి కరెక్టుగా చెప్పింది. నాలుగే.

మరి మిగతా అయిదు ఏమైనయ్?

ఒకటి మా ఇంట్లో ఉంది. అక్కడి నించే మొదలుపెడతా, ఎందుకంటే వేరేవాళ్ళ సంగతి ఎత్తేముందు మనింటి సంగతి చెప్పుకోవాలి. మా నాయన కొత్తిల్లు కట్టేటప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. వాకిట్లో మెట్టుకి మంచి పొడుగు రాయి కావాల్సొచ్చింది. కొట్టించిన రాయి కొనాలంటే డబ్బులు కావాల, బీట్లో రాయేమో ఊరికే నిలబడి ఉంది. మా నాయన, మా బాబాయి, ఇంకో ముగ్గురు, గడ్డపారలు, మోకులు, రెండు జతల ఎడ్లు. పొద్దున్నే పోతే పొద్దుగూకేదాకా అది పడలా. పైకి కనపడేది ఆరడుగులు, లోపల ఇంకో రెండడుగుల పైనే ఉంది, చుట్టూరా పిడికిలంత రాళ్ళు, తలకాయంత రాళ్ళు బిగించి కూరి పెట్టున్నారు. ఒక్కోటి గడ్డపార మొనతో పెకలించాల్సొచ్చింది. నేను ఆ రాళ్ళు ఏరి పక్కన పడేసే పని చేశా. ఆ కూరిన రాళ్ళ కింద కుండపెంకులు వచ్చినయ్, లోపల నల్లగా బయట ఎర్రగా, నున్నగా మెరుస్తా ఉన్నయ్. తుప్పు పట్టిన ఇనపముక్క ఒకటి. బొగ్గు కలిసిన మట్టి. మా బాబాయి కొడుకూ నేనూ ఆ పెంకులతో బిళ్ళంగోడు దగ్గర గురి చూసి కొట్టుకున్నాం. ఇనపముక్క యాడ పడేశామో కూడా గుర్తులేదు.

ఆ రాయి యాభై ఏళ్ళుగా మా వాకిట్లో మెట్టు. దాని మీద కాలు పెట్టి నా పెళ్ళాం కాపురానికి వచ్చింది, నా పిల్లలు దాని మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నారు.

మా నాయన్ని తప్పుపట్టటానికి ఇది చెప్పట్లా. ఆయనకి అది రాయి. నాకూ రాయే. మాకు ఎవరు చెప్పారు? బళ్ళో పుస్తకంలో హరప్పా ఉంది, మొహంజొదారో ఉంది, మన బీడు లేదు. నేను తర్వాత సోషల్ టీచర్నయ్యి ఆ పాఠాలే పిల్లలకి చెప్పా, హరప్పా వీధులు బోర్డు మీద గీశా, మన అలుగు పక్క రాళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పలా. అది నా తప్పు. పూర్తిగా నాదే.

ఎప్పుడు తెలిసిందంటే, మా అమ్మకి కంటి ఆపరేషనుకని మద్రాసు తీసుకుపోయాం. నాలుగు రోజులు ఉండాల్సొచ్చింది. ఒక మధ్యాన్నం ఊరికే ఎగ్మోర్ మ్యూజియంలోకి పోయా, టైం గడవక. అక్కడ అద్దాల బీరువాలో అవే పెంకులు. లోపల నలుపు, బయట ఎరుపు. ఒళ్ళు జల్లుమంది నాకు. పక్కనే మన కడప జిల్లా శంఖవరంలో దొరికిన మట్టి శవపేటిక, జంతువు ఆకారంలో చేశారు, పొట్టికాళ్ళతో నిలబడి ఉంటుంది, దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మీరెవరన్నా మద్రాసు పోతే తప్పకుండా చూడండి. శంఖవరం అంటే మనకి వెలిగొండలకి అవతల. పరాయి దేశం కాదు.

ఆ కుండల సంగతి చెప్పాలి, కుమ్మరి పని తెలిసినోళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. ఒకే కుండ, ఒకే ఆవం, రెండు రంగులు ఎట్టా వస్తయ్? బోర్లించి కాల్చారంట. బోర్లించినప్పుడు లోపలికి, అంచుకి గాలి తగలదు, అక్కడ నల్లబడుతుంది, బయట గాలి తగిలిన మేర ఎర్రగా కాలుతుంది. ఎక్కడ తవ్వినా, మన కాణ్ణించి కేరళ దాకా, ఈ పెద్దరాళ్ళ కింద ఎక్కువగా ఈ కుండలే, వాటితో ఇనప సామాన్లే. అంటే ఇనుము మనవైపు బాగా వాడకంలోకి వచ్చిన కాలం. క్రీస్తుపూర్వం 1200 నించి 300 మధ్యలో ఇట్టాంటివి ఎక్కువ కట్టారంటారు, కొన్ని చోట్ల ఇంకా ముందు, కొన్ని చోట్ల ఇంకా తర్వాత. అశోకుడి శాసనాల కన్నా ముందు మొదలైనయ్. శాతవాహనుల కన్నా ముందు. తెలుగులో ఒక్క అక్షరం రాతి మీద చెక్కకముందు. మనకి ముందు ఈ నేల మీద బతికినోళ్ళు రాసిపెట్టిన కాయితం లేదు, పాట లేదు, వాళ్ళ పేరేందో తెలీదు. ఈ రాళ్ళే మిగిలినయ్.

అందుకే జనం రాకాసి గుళ్ళు అన్నారు, పాండవ గుళ్ళు అన్నారు. ఇంతలావు రాళ్ళు మనుషులు ఎత్తలేరు, రాక్షసులో భీముడో ఎత్తుంటారని. ఒక చిన్న లెక్క వేద్దామా? ట్రాక్టర్ ఉన్నోళ్ళు చూసుకోండి. పది అడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర మందం. ఎన్ని ఘనపుటడుగులు? నలభై అయిదు. మన గట్టిరాయి ఘనపుటడుగు డెబ్బై అయిదు కేజీలు అనుకోండి, 3,375 కేజీలు. ఒక ట్రక్కు లోడు. క్రేను లేదు, టైరు లేదు, ఉక్కు గడ్డపార కూడా ఈనాటంత లేదు. దుంగల మీద దొర్లించుకుంటా తాళ్ళతో లాగి, ఒక పక్క ఏటవాలుగా గుంత తీసి, దాంట్లోకి మొదలు జార్చి, పైకి లేపి, కూరుడు రాళ్ళు వేసి బిగించాలి. ఎంతమంది కావాలి? వాళ్ళందరికీ అన్నం ఎవరు పెట్టాలి? ఒక ఊరంతా, ఒక మనిషి కోసమో ఒక మొక్కు కోసమో, పనులు మానుకుని కలిసి చేస్తేనే ఆ రాయి లేస్తుంది. నాకు రాయి కన్నా ఆ కలవటమే పెద్ద సంగతి అనిపిస్తుంది.

ఎందుకు పాతారు? కొన్నిటి కింద సమాధులు ఉన్నయ్, కొన్నిటి కింద ఏమీ లేదు, అది వట్టి గుర్తు. దీనికి జవాబు కావాలంటే చచ్చిన కాలం వైపే చూడక్కర్లా, మన శ్రీకాకుళం కొండల్లో సవరలనే గిరిజనులు ఉన్నారు, చనిపోయినోళ్ళ పేరున రాయి పాతే తంతు వాళ్ళలో ఉంది, గువార్ అంటారు. పైన మేఘాలయలో ఖాసీలు, జయంతియా వాళ్ళు పాతిన రాళ్ళు ఉన్నయ్, నార్తియాంగ్ అనే ఊళ్ళో ఇరవై అయిదడుగుల పైన పొడుగున్న రాయి ఉంది. మనమే మర్చిపోయాం గానీ మొత్తానికి మర్చిపోలా, ఊరు కట్టేటప్పుడు బొడ్రాయి పాతుతాం గదా, ఎందుకు పాతుతున్నామో అడిగితే ఎవరికీ పూర్తిగా తెలీదు, అయినా పాతందే ఊరు కాదు. ఆ అలవాటుకి ఈ రాళ్ళకి చుట్టరికం ఉందో లేదో నేను చెప్పలేను, కానీ నిలబెట్టిన రాయి ముందు మన చేతులు వాటంతటవే దగ్గరికి వస్తయ్, అది మాత్రం నిజం.

ఇప్పుడు అసలు మాటకొస్తా. మీరు ఇంకేం మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోవద్దు. రాయి ఆడనే ఉండాలి. ఏ గుంతలో ఉందో ఆ గుంతలోనే.

ఎందుకంటే రాయి ఒక్కటే ఏమీ చెప్పదు. 1947లో కర్ణాటకలో బ్రహ్మగిరి కాడ మార్టిమర్ వీలర్ అనే పురావస్తు పరిశోధకుడు తవ్వాడు. అడుగున రాతి గొడ్డళ్ళ పొర, దాని మీద ఈ నలుపు ఎరుపు కుండల పొర, దాని మీద ఇంకోటి, దానికి ఆయన ఆంధ్రుల సంస్కృతి అని పేరు పెట్టాడు, శాతవాహనుల కాలంది. అట్టా పొర మీద పొర చూసి, ఏది ముందు ఏది వెనక అని లెక్క తేల్చాడు. పొరలు కలిపేసి ఉంటే? గంపలో వేసి చూపిస్తే? ఏమీ తేలదు. ఇంకోటి చెప్తా. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ అని ఉంది, ఫోటోలు చూసే ఉంటారు. అక్కడ పెద్దరాళ్ళ చుట్టూ బయట వలయంలో 56 గుంతలు ఉన్నయ్. ఇప్పుడు వాటిలో రాళ్ళు లేవు, కర్రలు లేవు, ఏమీ లేదు. జాన్ ఆబ్రీ అనే ఆయన పదిహేడో శతాబ్దంలో కొన్ని పల్లాలు చూసి రాసిపెట్టాడు, 1920ల్లో తవ్వితే అవి వరసగా గుంతలని బయటపడింది, వాటికి ఆయన పేరే పెట్టారు. వాటి మీద ఇప్పటిదాకా పుస్తకాలు వస్తానే ఉన్నయ్. చూడండి, రాయి లేని గుంత కూడా మాట్లాడింది. గుంత లేని రాయి మా వాకిట్లో యాభై ఏళ్ళుగా ఉంది, ఒక్క మాట చెప్పలా.

నేను దాన్ని వెనక్కి తీసుకుపోయి పాతుదామనుకున్నా. నా కొడుకు ట్రాక్టర్ మాట్లాడాడు కూడా. పోయి చూస్తే, యాడ పాతాలి? మా నాయన లేడు, బాబాయి లేడు. ఆ గుంత ఉన్న ఎకరం జేసీబీతో చదును చేసి జామాయిల్ వేశారు. ఇక్కడో అక్కడో అని పాతితే అది అబద్ధం. అందుకని మెట్టుగానే ఉంచా. రోజూ దాటుతా ఉంటా, రోజూ గుర్తొస్తది.

పోయినవాటిల్లో మిగతా నాలుగు రాళ్ళ కథ తొందరగా చెప్తా. ఒకటి వాగు కల్వర్టుకి పోయింది. రెండు ఆ చదునప్పుడే ముక్కలైనయ్, ఆ ముక్కలు ఇప్పటికీ గట్టు మీద ఉన్నయ్. ఒకదాన్ని గుప్తనిధుల వాళ్ళు రాత్రిపూట తవ్వి పడేశారు. అమావాస్య అని నిమ్మకాయలు కోసి, కోడిని కోసి, మనిషి లోతు తవ్వారు. ఏం దొరికింది? మా నాయనకి దొరికిందే దొరికుంటుంది, పెంకులు. ఇక్కడ కుర్రాళ్ళు ఉన్నారు కాబట్టి గట్టిగా చెప్తన్నా, ఆ కాలం వాళ్ళు చచ్చినోళ్ళతో పెట్టింది కుండలో గంజి, చేతికి ఇనప కత్తి, మెడకి పూసలు. బంగారు బిందె ఎవరూ పెట్టలా. నిధి కోసం తవ్వినోడికి ఏమీ రాదు, కానీ అక్కడున్న మూడువేల ఏళ్ళ కథ ఒక్క రాత్రిలో పోతుంది. ఇంకా, భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది. చెప్పకపోతే కేసే.

మనవాళ్ళే ఇట్టా అనుకోవద్దు. స్టోన్‌హెంజ్‌కి దగ్గర్లోనే ఏవ్‌బరీ అని ఊరు ఉంది, రాళ్ళ వలయం లోపలే ఊరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ఊరి రైతులు రాళ్ళ కింద మంట పెట్టి, కాలినాక చల్లనీళ్ళు పోసి, సమ్మెటతో పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్నారు. మన బండలు కొట్టేవాళ్ళ పద్ధతే! విలియం స్టూక్లీ అనే ఆయన అది కళ్ళారా చూసి బొమ్మలు గీసి పెట్టాడు, ఏ రాయి యాడ ఉండేదో. తర్వాత 1871లో అక్కడ ఇళ్ళ స్థలాలకి నేల అమ్ముతుంటే జాన్ లుబ్బాక్ అనే పార్లమెంటు సభ్యుడు సొంత డబ్బుతో కొన్నాడు, పదకొండేళ్ళకి, 1882లో, పురాతన కట్టడాల రక్షణకి వాళ్ళ దేశంలో మొదటి చట్టం తెచ్చాడు. తర్వాత 1930ల్లో పడిపోయిన రాళ్ళు, పాతిపెట్టిన రాళ్ళు మళ్ళీ వాటి గుంతల్లోనే నిలబెట్టారు. ఎట్టా నిలబెట్టగలిగారు? గుంతలు మిగిలినయ్ కాబట్టి. స్టూక్లీ రాసిపెట్టాడు కాబట్టి.

మనకి చట్టం లేదా? ఉంది. 1904లోనే ఒకటి వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చాక 1958లో కేంద్ర చట్టం, మన రాష్ట్రానికి 1960లో ఇంకోటి. ఆ కేంద్ర చట్టాన్ని 2010లో సవరించి, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదు, ఆపైన ఇంకో రెండొందల మీటర్లు పర్మిషన్ కావాల అన్నారు, పాడుచేస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది. అయితే ఇది దేనికి? లిస్టులో ఉన్నవాటికి. దేశం మొత్తం మీద కేంద్రం లిస్టులో 3,600 పైచిలుకు. మన బీడు ఆ లిస్టులో లేదు. లిస్టులో లేని రాయి ప్రభుత్వం లెక్కలో వట్టి రాయి. చేలో సర్వేరాయి పీకితే అన్నదమ్ములు కోర్టుకి పోతారు, పంచాయితీలు అవుతయ్, తలకాయలు పగులుతయ్. ఈ రాయి పీకితే ఎవరడిగారు? ఎవరన్నా అడిగారా? నేను అడిగానా?

మనవైపు వాళ్ళకి రాయి విలువ తెలీదని నేననను. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ఓడలెక్కి దేశదేశాలు పోతుంది, మార్కాపురం పలకల మీద రాష్ట్రం అంతా ఓనమాలు దిద్దింది. రాయి మనకి అన్నం పెడుతుంది, క్వారీలో పనిచేసేవాళ్ళు ఈ సభలో ఉన్నారు, మీ పని మీద నాకు గౌరవం. నేను అడిగేది ఒకటే, కొండంత రాయి ఉండగా ఈ నాలుగింటి జోలికి పోవద్దు. చదును చేసేటప్పుడు జేసీబీ డ్రైవరుకి ముందుగా చూపించండి, చుట్టూ పదిగజాలు వదలమనండి. ఎందుకంటే రాయి చుట్టూ నేలలోనే అసలు సంగతి ఉంటుంది.

ఏది ఆ కాలపు రాయో ఎట్టా తెలుస్తుందని పొద్దున ఒక తమ్ముడు అడిగాడు. బొమ్మ చెక్కి ఉంటే, కత్తి పట్టుకున్న వీరుడో గుర్రమో ఉంటే అది వీరగల్లు, చాలా తర్వాతది, అది కూడా కాపాడాల్సిందే. అక్షరాలుంటే శాసనం. నెల్లూరు జిల్లా శాసనాలు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అని ఇద్దరు ఆఫీసర్లు పోగుచేసి 1905లో మూడు సంపుటాలు వేశారు, మన కనిగిరి, కందుకూరు, పొదిలి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి కాబట్టి మన శాసనాలు చాలా వాటిల్లో ఉన్నయ్, వాటిల్లో అసలు రాయి పోయినా మాట మిగిలినవి ఉంటయ్. పశువులు ఒళ్ళు రుద్దుకోటానికి పాతిన రాళ్ళు, కంచె రాళ్ళు ఉంటయ్, వాటికి అంచు వెంబడి ఉలిగాట్లో డ్రిల్లు గాట్లో కనపడతయ్. ఈ నిలువురాళ్ళకి గాట్లుండవు, కొండ నించి పొరలాగా ఊడిన బండనే తెచ్చినట్టుంటయ్, మొదట్లో చిన్నరాళ్ళు బిగించి ఉంటయ్, దగ్గర్లో గుండ్రాళ్ళు వలయంగా పేర్చి ఉండొచ్చు, వానాకాలంలో ఆ నలుపు ఎరుపు పెంకులు పైకి తేలతయ్. తేలితే చూడండి, ఫోటో తీయండి, ఆడనే వదిలేయండి. జేబులో వేసుకోవద్దు బాబూ, నీకే చెప్తన్నా.

ఇప్పుడు ఆడవాళ్ళకి ఒక మాట. మిగిలిన నాలుగింట్లో పెద్దది ఎందుకు మిగిలింది? మీరు పసుపు రాశారు. మీ అత్తలు, వాళ్ళ అత్తలు పోలేరమ్మ అని కుంకుమ పెట్టారు. జేసీబీ అబ్బాయి దాని దగ్గరికొచ్చి ఆపేశాడు, నేను ఆడే ఉన్నా, బండి దిగి దండం పెట్టుకుని పక్కకి తిప్పాడు. ఏ చట్టమూ చేయని పని మీ పసుపు చేసింది. తెలంగాణలో కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో ఇట్టాగే. పది పద్నాలుగడుగుల రాళ్ళు ఎనభై దాకా, చిన్నవి వేలల్లో, ఒక బండ మీద సప్తర్షి మండలం లాగా గుంటలు తొలిచి ఉన్నయ్. ఊరివాళ్ళు ఒక రాయిని ఎల్లమ్మ అని కొలుస్తారు, ఆ రాళ్ళని నిలువురాళ్ళ తిమ్మప్ప అంటారు. 2025లో ఆ చోటు ప్రపంచ వారసత్వానికి యునెస్కో పెట్టే తాత్కాలిక జాబితాకెక్కింది. అదే ఏడాది ఫ్రాన్సులో కార్నాక్ రాళ్ళ వరసలు ప్రపంచ వారసత్వంలో చేరినయ్. మన రాళ్ళు అంత పెద్దవి కాదు, వరసలు లేవు, నాకు తెలుసు. కానీ ముడుమాల్ వాళ్ళూ మనలాగే పసుపుతో మొదలుపెట్టారు.

అయితే అమ్మా, ఒక భయం ఉంది నాకు. గుడి కడదామని చందాలు మొదలైనయ్ అంట. కట్టండి, అమ్మవారికి గుడి వద్దనటానికి నేనెవర్ని. కానీ ఆ రాయి చుట్టూ పునాదులు తవ్వొద్దు, సిమెంటు పోయొద్దు, టైల్సు అతికించొద్దు, ఆయిల్ పెయింటు వేయొద్దు. గుడి కొంచెం ఎడంగా కట్టి అమ్మవారిని ఎండలో వానలో ఇప్పుడున్నట్టే ఉంచండి. మూడువేల ఏళ్ళు అట్టానే ఉంది ఆమె. దీని మీద పెద్దమనుషులతో కూడా కూర్చుని మాట్లాడతా, ఇక్కడ సర్పంచ్ గారు ఉన్నారు, వింటన్నారు.

ఇక చేయాల్సింది. లిస్టు ఎప్పుడొస్తదో మన చేతుల్లో లేదు, రాసిపెట్టటం మన చేతుల్లో ఉంది. ఒక్కో రాయికి ఒక కాయితం. సర్వే నంబరు, ఎత్తు, వెడల్పు, ఏ దిక్కు చూస్తుంది, మొదట్లో ఏముంది, నాలుగు పక్కల నించి ఫోటో, ఫోన్‌లో లొకేషను. పక్కన పోయిన అయిదింటి కథ కూడా, మా నాయన పేరుతో సహా రాయండి, నేను సంతకం పెడతా. ఒక కాపీ పంచాయతీలో, ఒకటి తహసీల్దారు ఆఫీసులో, ఒకటి పురావస్తు శాఖకి పోస్టులో, ఒకటి ఈ లైబ్రరీలో. లైబ్రేరియన్ గారు, బీరువాలో ఒక అర ఇస్తారా? ఇస్తానంటున్నారు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి అలుగు కాడికి రండి, ఎండెక్కకముందే పని అయిపోవాలి. టేపు నేను తెస్తా. తొమ్మిదో తరగతి వాళ్ళు కాంపస్సు బాక్సులు, గ్రాఫ్ నోట్సు తెచ్చుకోండి, పెద్దోళ్ళలో ఆ రాళ్ళు పీకింది చూసినోళ్ళు ఇంకా ముగ్గురు బతికున్నారు, ఎవరో మీకు తెలుసు, వాళ్ళని బండి మీద ఎక్కించుకు రండి. గుంతలు ఎక్కడెక్కడ ఉండేవో వేలు పెట్టి చూపిస్తే ముగ్గుపిండితో గీసుకుందాం. ముగ్గుపిండి ఎవరు తెస్తారు? ఆఁ, రెండు డబ్బాలు తే అమ్మా.